ఏడు కుండల గుగ్గిళ్లు

నర్మెట్టలో బస్సు ఆగే చోటు నుంచి ఆమె ఇంటి గడపకు మూడు కిలోమీటర్ల ఆరువందల మీటర్లు. ఈ అంకె ఎవరో చెప్పినది కాదు. నా సైకిల్ చక్రం చుట్టుకొలత రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. వెనుక చక్రం పుల్లకు ఎర్రగుడ్డ పీలిక కట్టి, అది పైకి వచ్చిన ప్రతిసారీ లెక్కపెట్టాను. పదహారు వందల ముప్పై ఆరు చుట్లు. ఎండాకాలంలో పద్దెనిమిది నిమిషాలు పట్టేది. వానాకాలంలో సైకిల్‌ను బురదలో నడిపించుకుంటూ పోతే యాభై నిమిషాలు. 1974 ఆగస్టు నుంచి 1976 మే వరకు, ఇరవై రెండు నెలలు, ఆ ఇంటి ముందరి అర్రలో నేను కిరాయికి ఉన్నాను.

మొన్న ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు భూపాలపల్లిలోని మా ఆఫీసుకు ఒక కార్డు వచ్చింది. నాలుగు వాక్యాలు. రాసినవాడు ఆమె కొడుకు. అవ్వ పోయి తొమ్మిది దినాలయిందనీ, పడుకున్న చోటనే పోయిందనీ, బాధ పడలేదనీ, మీకు తెలుపకపోతే బాగుండదనీ రాశాడు. ఇక్కడి నుంచి ఆ ఊరికి మూడు బస్సులు మారాలి. పొద్దున ఆరింటికి బయలుదేరినా చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. ఆ సాయంత్రం నేను బయలుదేరలేదు. పెట్టె తెరిచి, ఆ ఇరవై రెండు నెలల డైరీలు తీశాను.

అప్పుడు నేను గ్రామసేవక్‌ను. రైతులకు కొత్త సాగు పద్ధతులు చెప్పడం నా పని. వయసు ఇరవై మూడు. సొంత ఊరు మానుకోట. చేతిలో వ్యవసాయ డిప్లొమా, సంచిలో ఒక చిన్న తక్కెడ, ప్రతిదాన్నీ తూచి రాసుకునే అలవాటు. డైరీల్లో ఎకరాలున్నాయి, ఎరువుల మోతాదులున్నాయి. వాటి మధ్య ఖాళీల్లో, పెన్సిలుతో, ఆమె చెప్పిన మాటలున్నాయి. అవన్నీ తిండి గురించే.

మొదటి రోజు నా కిరోసిన్ పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ఆమె గడపలో నిలబడి గిన్నెలోకి తొంగి చూసింది. పొట్టి మనిషి. మోచేతుల దాకా పసుపు, బూడిద, మసి కలిసిన ఒక రంగు; ఎన్నిసార్లు కడిగినా ఆ చేతులకు అదే రంగు.

"గిదేంది సారూ?"

"పప్పు అవ్వా."

"పప్పా! నీళ్లల్ల గింజలు ఈత గొడ్తున్నయి గదా. ఎవలన్న మునుగుతరేమో సూస్కో."

లోపలినుంచి కోడలి నవ్వు వినిపించింది. అవ్వ ఒక బద్దను వేళ్లతో తీసి నలిపి చూసింది. అది నలగలేదు.

"ఏడ కొన్నవ్?"

"జనగామ అంగట్ల."

"అందుకే. గిది ఎన్నేండ్ల సంది సంచిల ఉన్నదో దానికే ఎరుక లేదు. లేశి చేతులు కడుక్కో. లోపల అన్నం ఉన్నది."

ఆ పూట నుంచి నా పొయ్యి వెలగలేదు. నలుగురి ముందు నన్ను 'సారూ' అనేది. వంటింట్లో 'బిడ్డా' అనేది. నేను ఆమెను ఊరందరిలాగే అవ్వ అన్నాను.

వంటింటి వెనుక సామాన్ల అర్ర ఉండేది. పొడవు పదకొండు అడుగులు, వెడల్పు ఏడు. కిటికీ లేదు. తలుపు తీసినప్పుడు ముందు ఏమీ కనిపించదు. మొదట వాసనలు వచ్చేవి. ఎడమ గోడకు ఎండుమిరపకాయల ఘాటు, దాని కింద పాత చింతపండు పులుపు, కుడివైపున యాపాకు చేదు, ఎదురుగా పేడతో అలికిన గుమ్మి. వెదురుతో అల్లిన ఆ గుమ్మిలో వడ్లుండేవి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక తక్కినవి ఒక్కొక్కటిగా తేలేవి.

ఆ అర్రను చూసి మూడు ప్రాంతాల పటం గీయవచ్చు. మిరపకాయలు, పసుపు మా మానుకోట వైపువి. దంతాలపల్లిలో ఇచ్చిన ఆమె బిడ్డ ఏటా బండి మీద పంపేది. ఇప్పపువ్వు, మొర్రిపప్పు, తేనె భూపాలపల్లి అడవి పక్కన ఉన్న పుట్టింటి నుంచి వచ్చేవి. గింజలు మాత్రం సొంత చెల్కవి, అంటే మెట్టపొలానివి. వాటిని కొనడం ఆమె దృష్టిలో ఇంటికి మనుషులను కొని తెచ్చుకోవడం లాంటిది.

గింజ నిల్వను ఆమె చేత్తో కనిపెట్టేది. గుమ్మి మూత తీసి, కుడిచేతిని మోచేయి దాటేదాకా లోపలికి దించి, కళ్లు మూసుకుని, పదిహేను ఇరవై క్షణాలు కదలకుండా ఉండేది. తరువాత రెండే తీర్పులు. "సల్లగున్నది" అంటే మూత పెట్టేయవచ్చు. "కడుపుల కాక ఉన్నది" అంటే ఆ రోజే గింజలు ఎండకు రావాలి. పురుగు పడితే గింజల కుప్ప లోపల వేడెక్కుతుందని నేను శిక్షణలో చదివాను. దాన్ని థర్మామీటరుతో చూడాలని కూడా చదివాను. ఒకసారి బ్లాకు ఆఫీసు నుంచి థర్మామీటరు తెచ్చి, ఆమె కాక ఉన్నదన్న పెసర్ల కుండలో పెట్టాను. అర్ర కన్నా మూడు డిగ్రీలు ఎక్కువ. ఆమె గాజుగొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పాపం, దీనికి గూడ జ్వరం వచ్చినట్టున్నది" అంది.

వండేటప్పుడు రుచి చూసేది కాదు. ఉప్పు కూడా. నాకు ఇది అర్థం కాక అడిగితే, "సూస్కుంట వండితె అది నా నోటికి సరిపోతది. తినేది నేనొక్కదాన్నేనా?" అంది. పోపు చప్పుడు వినేది. పులుసు మరిగేటప్పుడు బుడగల పరిమాణం చూసేది. అవి పెద్దవిగా, బద్ధకంగా లేస్తే దించేది. కొత్త చింతపండు పచ్చిపులుసుకు, నల్లబడిన పాతది చేపల పులుసుకు, ఈ రెండూ తారుమారైతే ఆ రోజంతా కోడలితో మాట్లాడేది కాదు.

కాలం రాని కూరను ఆమె వండేది కాదు. ఒక జనవరిలో నేను పుంటికూర, అదే గోంగూర, అడిగాను. పెరట్లో నాలుగు మొక్కలు ముదిరి నిలిచి ఉన్నాయి కూడా.

"దానికి యాల్ల దాటింది బిడ్డా. ఇప్పుడది ఇత్తులు కట్టుకుంటున్నది. బాలెంతను పనికి పిలుస్తమా?"

బదులుగా పచ్చి కందికాయలు ఉడకబెట్టి పెట్టింది. అవి ఆ నెలవి. అనపకాయలు, సజ్జరొట్టె కూడా ఆ నెలవే. చింతచిగురు, ఎండబెట్టిన గోకరకాయ ఒరుగులు ఎండాకాలానివి. తొలివానకు గంగవాయిలి కూర, వినాయకచవితికి తుమ్మికూర, ఆ మధ్యలో బోడకాకర. ఆమెకు తేదీలు తెలియవు. ఈ వరుస తెలుసు. కొడుకు ఎప్పుడు పుట్టాడని అడిగితే, "చింతచిగురు ముదిరిన పది దినాలకు" అంది. నేను ఆ లెక్కన ఏప్రిల్ ఇరవై ఆరు అని వేశాను. అతని బడి కాగితంలో ఏప్రిల్ ముప్పై ఉంది. బడిలో ఎవరో ఉజ్జాయింపుగా వేసి ఉంటారని ఇప్పటికీ నా నమ్మకం.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం గురించి ఆ ఇంట్లో అందరూ ఒక్కో తీరుగా చెప్పేవారు. కొడుకు జనగామలో విన్న నినాదాలు చెప్పేవాడు. ఆమె వంటలు చెప్పేది. బస్సులు ఆగి, అంగడి లేక, బయటి సామాను ఊరికి రాని రోజులవి.

"నలభై ఒక్క దినాలు బజారు మొకం సూడకుండ ఎల్లదీసిన" అంది ఒక మధ్యాహ్నం, ఇసుర్రాయి తిప్పుతూ.

"నలభై ఒక్కటని ఎట్ల తెలుసు అవ్వా? రాసి పెట్టుకున్నవా?"

"రాసుడెందుకు? ఏ దినం ఏం వండిన్నో యాది లేదా?"

చెప్పమన్నాను. డైరీ తెరిచాను. మొదటి రోజు గోకరకాయ ఒరుగులు, రెండో రోజు పెసరట్టు కాదు, పెసరగుగ్గిళ్లు, మూడో రోజు దోసకాయ ఒరుగుల పప్పు. వేలి కణుపులు లెక్కపెట్టుకుంటూ ముప్పై రెండు దాకా ఆగకుండా చెప్పింది. ముప్పై మూడు దగ్గర ఆగింది. ఎంత ఆలోచించినా రాలేదు. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. మరుసటి రోజు నేను బయట సైకిల్ తుడుచుకుంటుంటే వంటింట్లోంచి కేక:

"ఉలవచారు సారూ! ఆనాడు మా ఆడిబిడ్డ మొగుడు వచ్చిండు. చారు బాగలేదని మొకం మాడ్చుకున్నడు. గందుకే మర్శిపోయిన!"

నలభై ఒకటీ పూర్తయ్యాయి. ఉప్పు మాత్రం ఒకసారి పక్కింట్లో అడిగి తెచ్చుకుంది. అది కూడా తనంతట తానే చెప్పి, రాయమంది.

ఊరి ఆడవాళ్లలో ఆమె మాటకున్న విలువ వంట వల్ల మాత్రమే వచ్చింది కాదు. ఆమె అడవి పక్క పుట్టిన మనిషి. ఏ ఆకు తినవచ్చు, ఏది తినకూడదు అన్నది ఆ చుట్టుపక్కల ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. వానాకాలం వచ్చిందంటే పొద్దున ఏడింటికల్లా ఇంటి ముందు నలుగురైదుగురు కొంగుల్లో, గంపల్లో ఏవేవో తెచ్చి కూర్చునేవారు. ముఖ్యంగా పుట్టగొడుగులు, వాళ్లు వాటిని పుట్టకొక్కులు అంటారు. ఆమె ఒక్కొక్కదాన్ని తిరగేసి, గొడుగు కింది మడతలు చూసి, కాడ విరిచి, వాసన పట్టి రెండు కుప్పలు చేసేది.

"గివి వండుకో. గివి పారేయ్."

"గిన్ని పారేయాల్నా అవ్వా? మంచిగనే ఉన్నయి గదా!" అని ఒకామె గొణిగింది.

"పారబోయ బుద్ధి గాకుంటె మీ అత్తకు పెట్టు. రేపటి సంది నీకు పోరు ఉండదు."

ఆ అత్త కూడా అక్కడే కూర్చుని ఉంది. అందరికన్నా గట్టిగా నవ్వింది ఆమే.

పెళ్లిళ్లకు కూడా ఆమెనే పిలిచేవారు. పులుసు, పప్పు ఆమె చూడాలి. గరిటె పట్టనవసరం లేదు, పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుంటే చాలు. ఈ విలువ తనకుందని ఆమెకు తెలుసు. దాన్ని గురించి మాట్లాడేది కాదు, కానీ పెళ్లికి పోయే ముందు చీర కుచ్చిళ్లు మూడుసార్లు సర్దుకునేది.

ఇప్పుడు మందు గురించి చెప్పాలి.

సామాన్ల అర్రలో ఒక మూల ఏడు కుండలుండేవి. కందులు, బొబ్బర్లు, అనుములు, పెసర్లు, ఉలవలు, జొన్నలు, మక్కలు. విత్తనాలు. పిడకల బూడిద, ఎండిన యాపాకు కలిపి, మూతికి మట్టి మెత్తి ఉంచేది. 1975 ఫిబ్రవరిలో మాకు ఒక పని అప్పజెప్పారు: ఇళ్లలోని విత్తనాలకు పురుగుమందు పొడి పట్టించేలా రైతులను ఒప్పించాలి. అవ్వ ఒప్పుకుంటే ఊరు ఒప్పుకుంటుందని నాకు తెలుసు. నా ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ "బూడిద ఉన్నది గదా" అంది. మూడోసారి అడగనవసరం లేకపోయింది. ఆ పొద్దున ఆమె బొబ్బర్ల కుండలో చేయి పెట్టి, "కాక తగిలింది" అంది. తరువాత నా వైపు తిరిగి, "నీ మందేందో పట్రా బిడ్డా" అంది.

నేను నిబంధన ప్రకారం పని చేశాను. ఫారంలో రైతు పేరు, తండ్రి పేరు అనే గడులున్నాయి. కొడుకును పిలిచి జాగ్రత్తలు చదివి వినిపించాను. మందు కలిపిన గింజ మనుషులు తినకూడదు. పశువులకు పెట్టకూడదు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మిగిలిన పొడిని ఇంట్లో ఉంచకూడదు. అతను తల ఊపి సంతకం చేశాడు. పొలానికి తొందరగా పోవాలి, పోయాడు. కుండలు పట్టుకుని నిలబడిన మనిషికి ఫారంలో గడి లేదు.

విత్తనాలు మొత్తం పద్దెనిమిది కిలోలు. కిలోకు అయిదు గ్రాముల చొప్పున తొంభై గ్రాముల పొడి తూచాను. ఆమె ముక్కు చిట్లించింది.

"గిదేం వాసన బిడ్డా? నీ మందు మా బూడిద లెక్కనేనా?"

"అట్లాంటిదే అవ్వా" అన్నాను.

అప్పుడు నా దృష్టి తక్కెడ ముల్లు మీద ఉంది. అయిదు గ్రాములు అటూ ఇటూ కాకూడదని నా పట్టుదల. కిలో పొట్లంలో మిగిలిన తొమ్మిదివందల పది గ్రాములను గోడ గూట్లో పెట్టాను, సాయంత్రం తీసుకుపోదామని. సాయంత్రం మరిచిపోయాను. తరువాత కూడా గుర్తుకు రాలేదు. వారానికి ఆమెకు ఆ పొట్లం కనిపించింది. బూడిద లాంటిదే కాబట్టి, బూడిదను పిడికిళ్లతో వేస్తారు కాబట్టి, బిడ్డ నా కోసమే ఉంచిపోయాడనుకుని, ఏడు కుండల్లోనూ అంతా సర్దింది. ఇది నాకు నాలుగు నెలల తరువాత తెలిసింది.

నేను ఆ ఊరికి వచ్చింది ఆగస్టులో. విత్తే రోజు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో అప్పటిదాకా చూడలేదు. నాగలి చెల్కకు పోయే పొద్దున ఆమె ఏడు కుండల్లోంచీ పిడికెడు చొప్పున తీసి, బూడిద పోయేలా కడిగి, కలిపి ఉడకబెట్టి గుగ్గిళ్లు చేసేది. ఇంట్లోవాళ్లు తిన్న గింజే భూమిలో పడాలి. ముందు తినవలసింది విత్తనాన్ని ఏడాదిపాటు కాచిన మనిషి. ఆ తరువాతే కొడుకు, కోడలు.

మిరుగు, అంటే మృగశిర కార్తె, చొచ్చిన నాలుగో రోజు అది. ముందు రాత్రి మంచి వాన పడింది. నేను పని మీద జనగామలో ఆగి, పొద్దున మొదటి బస్సుకు వచ్చాను. తొమ్మిది గంటల నలభై నిమిషాలకు ఇంటి ముందు సైకిల్ నిలిపాను. కొడుకు వాకిట్లో ఎడ్లకు నీళ్లు పెడుతున్నాడు. ఆమె వంటింటి గడప మీద కూర్చుని ఉంది, ఒళ్లో ఖాళీ గిన్నె.

"వచ్చినవా బిడ్డా! సరిగ్గ యాల్లకు వచ్చినవ్. నేను తిన్న. ఇగ నువ్వు, వాడు తినాలె." కోడలి వైపు తిరిగి, "సారుకు ఇయ్యి గుగ్గిళ్లు" అంది.

కోడలు నా చేతికి గిన్నె ఇచ్చింది. ఆవిరిలో ఆ వాసన ఉంది. ఫిబ్రవరిలో తూచిన వాసన.

"ఇవి ఏ గింజలు?"

"ఇత్తనాలు బిడ్డా. ఏడు కుండలయి."

"ఎవరూ తినొద్దు!" అని నేను అరిచిన అరుపుకు ఎడ్లు బెదిరాయి. కొడుకు పరుగెత్తుకొచ్చాడు. నా ముఖం చూశాడు, గిన్నె చూశాడు. అప్పుడు అతనికి ఫిబ్రవరి గుర్తుకొచ్చింది. చేతిలోని బకెట్టు కింద పడింది.

పావుగంటలో ఆమెకు వాంతులు మొదలయ్యాయి. చేతులు వణికాయి. కోడలు ఆముదం సీసా తెచ్చింది, కడుపు కడుక్కుపోతుందని. నేను సీసాను లాక్కున్నాను. నూనె గానీ పాలు గానీ కడుపులో పడితే ఆ మందు ఒంటికి మరింత పడుతుంది. ఆ సంగతి పొట్లం మీద అచ్చువేసి ఉంది. దాన్ని నేను నాలుగుసార్లు చదివాను. ఆమెకు చదివి వినిపించలేదు.

నాగలికి కట్టవలసిన ఎడ్లను బండికి కట్టారు. నర్మెట్ట నుంచి లారీ దొరికింది. పన్నెండు గంటల పది నిమిషాలకు జనగామ దవాఖానలో ఉన్నాం. ఊరి నుంచి మా వెంట ఇద్దరు ఆడవాళ్లు కూడా వచ్చారు. డాక్టరు మంచం మీదికి వంగి, "ఏం తిన్నవమ్మా?" అని అడిగాడు.

ఆమె కళ్లు తెరిచింది. కొడుకును చూసింది. నన్ను చూసింది. ఆ ఇద్దరు ఆడవాళ్లనూ చూసింది.

"పుట్టకొక్కులు సారూ. రాత్రి వానకు లేసినయి. గుర్తు పట్టలేకపోయిన."

ఆ ఆడవాళ్లలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను డాక్టరు వెంట వరండాలోకి పోయి, మందు పేరు, మోతాదు, గూట్లో మరిచిన పొట్లం, అన్నీ చెప్పాను. ఆయన విని, "వైద్యానికి ఇది చాలు. కాగితం మీద నిజమే రాస్తాను. మీ ఊళ్లో ఏం చెప్పుకుంటారో అది మీ ఇష్టం" అన్నాడు. కడుపు కడిగారు. రెండో రోజు సాయంత్రానికి వణుకు తగ్గింది. మూడో రోజు అంబలి తాగింది. తాగి, "ఉప్పు ఎక్కువైంది" అంది. అప్పుడు బతుకుతుందని నాకు నమ్మకం కలిగింది.

వార్డులో ఎవరూ లేని సమయం చూసి అడిగాను.

"ఎందుకట్ల చెప్పినవ్ అవ్వా?"

"మరేం చెప్పాలె? మా సారు మందు కలిపిండు, మా కొడుకు నాకు చెప్పకపాయె అని చెప్పాల్నా? నీ నౌకరి ఉంటదా? వాన్ని ఊళ్లె ఎవలన్న మనిషంటరా, తల్లికి ఇసం పెట్టినోడంటరు గని?"

"నీ పేరు పోతది గద అవ్వా."

"పోతె పోతది. ఒక్క వానకాలం. మల్ల పుట్టకొక్కులు లేస్తయి, మల్ల నా దగ్గరికే వస్తరు. ఏడికి పోతరు?" అని, అటు తిరిగి పడుకుంది. కాసేపటికి గోడవైపు నుంచే, "మందు బూడిద లెక్కనే అంటివి గద బిడ్డా" అంది. అందులో కోపం లేదు. తప్పు ఎక్కడ జరిగిందో వెతుకుతున్న మనిషి గొంతు అది.

ఇంటికి వచ్చాక కుండలను ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. వాటిని విత్తవచ్చునని, పండే పంటలో విషం ఉండదని నేను లెక్కలతో చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

"మేము నోట్ల పెట్టుకోలేని దాన్ని చెల్కల ఎట్ల ఏస్తం బిడ్డా?"

కొడుకు, నేను కలిసి గొయ్యి తవ్వాం. బావికి నలభై మీటర్ల దూరం, మూడడుగుల లోతు. కుండలను కూడా పగలగొట్టి అందులోనే వేశాం. ఆమె అంతసేపూ నిలబడి చూసింది. బొబ్బర్లు వేసేటప్పుడు ఒక్కసారి ముందుకు వంగి, గింజల మీద ఎర్రచారలను వేలితో రాసి, వెనక్కి తగ్గింది. అవి ఆమె పెళ్లయి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి కొంగున కట్టుకొచ్చిన బొబ్బర్లని కోడలు తరువాత చెప్పింది.

జులైలో ఒక పొద్దున నేను అర్రలో గడ్డం గీసుకుంటున్నాను. వానపడి వెలిసింది. వీధిలో ఒకామె గంపతో వస్తోంది, గంప నిండా పుట్టగొడుగులు. అవ్వ తలవాకిలి అరుగు మీద పీట వేసుకుని కూర్చుని ఉంది. ఏడింటి నుంచీ అలాగే కూర్చుని ఉంది. ఆ మనిషి నడక నెమ్మదించింది. గంపను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది, అవ్వకు కనిపించని వైపుకు.

"ఏంది గంపల?" అంది అవ్వ.

"ఏం లేదవ్వా. పిడకలు."

నాలుగు ఇళ్ల అవతల ఆ గంప మనిషి ఎవరితోనో అన్న మాట నాకు స్పష్టంగా వినిపించింది: "ఎరుక ఉన్నామెకే ఎరుక లేకపాయె. మనమెట్ల నమ్ముతం?"

అవ్వకు కూడా వినిపించింది. లేచి, పీట తీసుకుని లోపలికి పోయింది. అప్పుడు నా చేతిలో కత్తి ఉంది, ముఖం మీద సబ్బు ఉంది. వీధిలోకి పోయి ఒక్క వాక్యం చెప్పడానికి ఆ రెండూ అడ్డం కావు. నేను గడ్డం గీసుకోవడం పూర్తి చేశాను.

మధ్యాహ్నం ఆమె నాకు బోడకాకర కూర వడ్డించింది. ఎప్పటిలాగే ఉంది. "మంచిగున్నదా?" అని అడిగింది. అంతకుముందు ఆమె ఎవరినీ అలా అడగలేదు.

శ్రావణంలో పక్కవీధిలో పెళ్లి జరిగింది. ఇంటిల్లిపాదినీ భోజనానికి పిలిచారు. పొయ్యి దగ్గరికి పిలవలేదు. ఆమె కొత్త చీర కట్టుకుని వచ్చింది, అందరితో పాటు వరుసలో కూర్చుంది, పులుసు పోసుకుని తింది. మరుసటి వానాకాలానికి నేను అక్కడ లేను. పైయేడు మేలో బదిలీ వచ్చింది.

ఆమె ఎదురుచూసిన ఆ ఒక్క వానాకాలం గడిచిందా, వాళ్లు తిరిగి వచ్చారా అని నేను ఉత్తరం రాసి అడగలేదు. మూడేళ్ల తరువాత జనగామ బస్టాండులో కోడలు కనిపించింది. అవ్వ బాగుందని చెప్పింది. ఆకులు చూపించడానికి ఎవరైనా వస్తున్నారా అని అడిగాను.

"ఇప్పుడు ఇంకొకామె దగ్గరికి పోతరు సారూ. అవ్వ వాకిట్ల కూసునుడు ఇడిసిపెట్టింది."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది.

నష్టాల లెక్క, డైరీల్లో ఉన్న మేరకు, ఇది. విత్తనాలు ఏడు రకాలు, పద్దెనిమిది కిలోలు. వాటిలో కందులు, పెసర్లు, ఉలవలు, జొన్నలు, మక్కలు వేరేచోటి నుంచి తెచ్చుకున్నారు. అనుములు పుట్టింటి నుంచి వచ్చాయి. ఎర్రచారల బొబ్బర్లు ఎక్కడా దొరకలేదు. కుండలు ఏడు. దవాఖానలో ఆరు రోజులు. అదును తప్పి ఆ చెల్కలో విత్తడానికి జరిగిన ఆలస్యం పదకొండు రోజులు. పొద్దున ఏడింటికి వాకిట్లో కూర్చునే ఆడవాళ్లు అంతకుముందు వానాకాలంలో నలుగురైదుగురు. ఆ తరువాత నేనున్న పదకొండు నెలల్లో ఎవరూ లేరు. పెళ్లివంటల పిలుపులు అంతకుముందు పది నెలల్లో తొమ్మిది. తరువాత ఒక్కటీ లేదు. ఆమె కొడుకు ఊళ్లో నిజం చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నా ఉద్యోగం ఆ సెప్టెంబరులో ఖాయమైంది.